ఆకుపచ్చ డబ్బాలో 500 ఈగిల్స్, ఖాతాలో 3,200 డాలర్లు

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 36 ఏళ్లు. హెచ్‌1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యది హెచ్‌4, ఉద్యోగం లేదు. ఒక పాప. నెల ఖర్చు 5,400 డాలర్లు, పన్ను శ్లాబు 22 శాతం. నాలుగేళ్లుగా నాణేలు సేకరిస్తున్నాను. సీలు తీయని ఆకుపచ్చ డబ్బాలో 500 అమెరికన్ సిల్వర్ ఈగిల్స్, విడిగా 100 కెనడా వెండి మేపుల్ లీఫ్‌లు, 3 దక్షిణాఫ్రికా బంగారు క్రూగర్‌రాండ్‌లు, 15 చైనా వెండి పాండాలు, 12 మెక్సికో లిబర్టాడ్‌లు ఉన్నాయి. వీటి కోసం 401కె రిటైర్మెంట్ ఖాతా నుంచి 18,000 అప్పు తీసుకున్నాను. క్రెడిట్ కార్డులో మరో 11,000 ఉంది. దాని సున్నా వడ్డీ గడువు ఐదు నెలల్లో అయిపోతుంది, తర్వాత 26 శాతం. సేవింగ్స్‌లో 3,200 ఉన్నాయి. 17,000 పెట్టి కొన్న ఈగిల్స్ డబ్బాకు ఇప్పుడు డీలర్ 23,500 ఇస్తానంటున్నాడు. లాభంలో ఉన్నాను కాబట్టి 13 శాతం వడ్డీకి 15,000 పర్సనల్ లోన్ తీసుకుని బంగారు పాండాలు, ఎంఎస్70 (నాణెం స్థితికిచ్చే అత్యున్నత గ్రేడు) ఫస్ట్ స్ట్రైక్ ఈగిల్స్ సెట్ కొనాలని ఉంది. కష్టమొస్తే ఈ నాణేలే నా అత్యవసర నిధి. మరీ తప్పకపోతే హైదరాబాద్ తీసుకెళ్లి తాకట్టు పెట్టుకోవచ్చు కదా?

జవాబు: ఆ లోన్ తీసుకోవద్దు. మిగతా విషయాల్లో చర్చకు తావుంది కానీ దీనిలో లేదు.

మీ ప్రశ్నకు ఇంత వివరంగా జవాబివ్వడానికి కారణం ఉంది. అమ్ముకోగలిగిన ప్రతి వస్తువునూ చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేసుకోవడం అమెరికాలోని మన కుటుంబాల్లో చాలా మామూలైపోయింది. కొందరు కంపెనీ షేర్లను అలా లెక్కేస్తారు, కొందరు శంకర్‌పల్లిలో కొన్న ప్లాటును. మీరు నాణేలను లెక్కేశారు. వీటన్నిటికీ ఒకటే లోపం. డబ్బు అవసరమైన రోజునే వాటి ధర పడిపోతుంది.

వెండి గిరాకీలో సగానికి పైగా పరిశ్రమలదే. పరిశ్రమలు మందగిస్తే లేఆఫ్‌లు వస్తాయి, అదే సమయంలో వెండీ పడుతుంది. 2008 మార్చిలో ఔన్సు 21 డాలర్ల దాకా వెళ్లిన వెండి, లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలిన తర్వాత అక్టోబరులో 9 డాలర్ల లోపుకు దిగింది. 2020 ఫిబ్రవరిలో 18 దగ్గర ఉన్నది మార్చి మూడో వారంలో 12 కిందికి పోయింది. ఆ మార్చిలో చేతికి వచ్చే నాణేల మీద ప్రీమియం, అంటే లోహం ధర పైన అడిగే అదనపు సొమ్ము, పెరిగిన మాట నిజమే. కానీ ప్రతిసారీ అలాగే జరుగుతుందని ఇల్లు గడిపే డబ్బును దానిమీద పెట్టుకోలేం.

మీ పరిస్థితిలో గడువు ఇంకా బిగుతుగా ఉంది. హెచ్‌1బి ఉద్యోగం పోతే మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా కొత్త ఉద్యోగం చూసుకోవాలి, లేదా వీసా స్థితి మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. కంపెనీ ఆరోగ్య బీమా ఆగిపోతే కోబ్రా చట్టం కింద కొనసాగించుకోవచ్చు కానీ కంపెనీ కట్టే వాటా కూడా మీరే కట్టాలి. కుటుంబానికి అది నెలకు 2,000 డాలర్లు దాటడం మామూలే. లీజు మధ్యలో వదిలేస్తే పెనాల్టీ, ముగ్గురికి టికెట్లు అదనం. ఉద్యోగం ఇచ్చిన గ్రూప్ లైఫ్ ఇన్సూరెన్స్ కూడా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

ఆరు నెలల ఖర్చు అంటే 32,400 డాలర్లు. మీ విషయంలో అది కనీసం మాత్రమే. అది హై యీల్డ్ సేవింగ్స్‌లోనో, కొంత భాగం ట్రెజరీ బిల్లుల్లోనో ఉండాలి. పదిహేనున్నర కిలోల లోహంగా అల్మారాలో ఉంటే అది నిధి కాదు.

ఉద్యోగం పోతే 401కె అప్పు కూడా ముందుకొస్తుంది. వడ్డీ మన ఖాతాకే చేరుతుందని దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఉద్యోగం మానేశాక మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే ఆ తేదీలోగా, భర్తీ చేయలేకపోతే మొత్తాన్ని ఆదాయంగా లెక్కిస్తారు. మీ వయసులో దానిమీద ఇంకో 10 శాతం పెనాల్టీ పడుతుంది. అంటే జీతం ఆగిన ఏడాదిలోనే 18,000 మీద పన్నూ పెనాల్టీ కట్టాల్సి రావచ్చు.

ఇక అప్పు చేసి వెండి కొనడం గురించి మీ ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. డాలస్‌కు చెందిన హంట్ సోదరులు 1970లలో మార్జిన్ మీద, అంటే కొంత కట్టి మిగతాది అప్పుగా, వెండి పోగేశారు. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్ల దాకా వెళ్లింది. ఆ నెలలోనే కామెక్స్ ఎక్స్ఛేంజ్ మార్జిన్ కొనుగోళ్లకు కళ్లెం వేసింది. మార్చి 27న ఒక్క రోజులో ధర 21.62 నుంచి 10.80కి పడింది. ధర పడినప్పుడు అదనంగా కట్టమనే మార్జిన్ కాల్ కట్టలేక చివరికి బ్యాంకుల దగ్గర 110 కోట్ల డాలర్ల అప్పుతో బయటపడాల్సి వచ్చింది. వెండి మీద వాళ్లకున్న నమ్మకం సంగతి ఎలా ఉన్నా, దెబ్బతీసింది మాత్రం అప్పే. మీ లెక్కలు వాళ్లతో పోలిస్తే చిన్నవి, కానీ లోన్ వాయిదా మీకూ ప్రతి నెలా ఒకే తేదీకి వస్తుంది.

మీరు కొనాలనుకుంటున్నవి చూస్తే ఆ లోన్ ఇంకా తప్పు. ఫస్ట్ స్ట్రైక్ అనే లేబుల్ చూసి అచ్చు నుంచి మొదట వచ్చిన నాణేలని అనుకుంటారు. గ్రేడింగ్ సంస్థ ఆ లేబుల్ వేసేది, విడుదలైన మొదటి 30 రోజుల్లో తమకు చేరిన నాణేలకు. యూఎస్ మింట్ (అమెరికా టంకశాల) ఏ నాణెం ఏ వరసలో ముద్రించిందో లెక్క పెట్టదు. ఈ మధ్య సంవత్సరాల ఈగిల్స్‌లో ఎంఎస్70 పొందినవి కుప్పలుగా ఉన్నాయి, ఇంకా పంపేకొద్దీ పెరుగుతాయి. అమ్మబోతే డీలర్ వాటికి మామూలు ఈగిల్ ధర మీద కొద్దిగా కలిపి ఇస్తాడు, అంతే. స్పాట్ (లోహానికి ఆ క్షణంలో ఉన్న మార్కెట్ ధర) మీద 15 శాతం ఎక్కువ పెట్టి కొన్నది స్పాట్ ధరకే అమ్ముడైతే, మొదటి ఏడాది వడ్డీ కూడా కలుపుకుంటే, అసలు చేతికి రావడానికే లోహం ధర పాతిక శాతం పైన పెరగాలి. ఎంఎస్70 సెట్లకు అమ్మేవాళ్లు అడిగే ప్రీమియం 15 శాతంతో ఆగదు కూడా.

పాండాల్లో ఇంకో మెలిక ఉంది. 2015 వరకు ఔన్సు పాండా అంటే 31.1 గ్రాములు. 2016 నుంచి చైనా మెట్రిక్ తూకానికి మారి 30 గ్రాములకే ముద్రిస్తోంది. బంగారంలోనూ అంతే. ఔన్సు స్పాట్ ధరతో పోల్చి కొంటే మూడున్నర శాతం లోహం తక్కువ వస్తోందని గుర్తించనివాళ్లు చాలామంది. మీ దగ్గరున్న 15లో పాతవి మింట్ ప్లాస్టిక్ షీట్‌లోనే ఉంటే కోయకండి. పాండాలకు నకిలీల బెడద ఎక్కువ, ఆ సీలుకు కూడా కొంత విలువ ఉంటుంది.

తాకట్టు ఆలోచనను ఇప్పుడే వదిలేయండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బంగారు నాణేల మీద అప్పు 50 గ్రాముల వరకే. క్రూగర్‌రాండ్ తీసుకెళ్తే అమీర్‌పేటలో నగల దుకాణం వాడు కరిగించే ధర చెబుతాడు, బ్యాంకు అప్పిస్తుందన్న భరోసా లేదు. పైగా విమానాశ్రయంలో నగలకిచ్చే సుంకం మినహాయింపు నాణేలకు వర్తించదు, డిక్లేర్ చేసి సుంకం కట్టాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందుగా ఈగిల్స్ డబ్బా అమ్మండి. మీ సేకరణలో తొందరగా, గీచిగీచి బేరమాడకుండా అమ్ముడయ్యేది అదే. 20 నాణేల ట్యూబులు 25, మింట్ వేసిన స్ట్రాపులతో ఉన్న డబ్బాకు ప్రతి పెద్ద డీలర్ దగ్గరా ధర సిద్ధంగా ఉంటుంది. స్ట్రాపులు కోసి లోపల చూసుకోవాలనిపిస్తుంది, కోయకండి. విప్పిన డబ్బాకు కొందరు తగ్గిస్తారు. ఒకే గంటలో ముగ్గురిని అడగండి, ఎందుకంటే స్పాట్ నిమిషనిమిషానికీ కదులుతుంది. మొత్తం ఎంతిస్తావని కాకుండా, నాణేనికి స్పాట్ మీద ఎంత ఎక్కువ లేదా తక్కువ ఇస్తావని అడగండి. అప్పుడే ముగ్గురినీ పోల్చగలరు. ఆన్‌లైన్ డీలర్ అయితే ఫోన్‌లో ధర లాక్ చేశాక ఇచ్చిన గడువులో పంపకపోతే మీరే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు కాబట్టి ప్యాకింగ్ సామాను ముందే తెచ్చుకోండి. పోస్టాఫీసు రిజిస్టర్డ్ మెయిల్‌లో 50,000 డాలర్ల దాకా బీమా దొరుకుతుంది, దానిలోనే పంపండి. పెట్టె మీద నాణెం, వెండి అన్న మాటే రాయొద్దు.

పన్ను లెక్క కూడా చూడండి. అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ దృష్టిలో ఇవి కలెక్టిబుల్స్ (సేకరణ వస్తువులు), కొన్న ఏడాది దాటాక అమ్మితే లాభం మీద పన్ను గరిష్ఠంగా 28 శాతం. మీ శ్లాబు 22 కాబట్టి 6,500 లాభం మీద సుమారు 1,430. సిల్వర్ ఈగిల్స్ అమ్మకాన్ని డీలర్ ఐఆర్ఎస్‌కు పంపే 1099-బి ఫారంలో చూపించనక్కర్లేదు కాబట్టి పన్నే లేదని నాణేల షోలలో చెప్పుకుంటారు. అది తప్పు. కాగితం రాకపోయినా లాభం మీరు చూపించాల్సిందే, కొన్న బిల్లులు తీసి పెట్టుకోండి.

పన్ను పక్కన పెడితే 22,070 మిగులుతుంది. దానిలో 11,000 తక్షణం కార్డుకు కట్టేయండి. ఐదు నెలలు ఆగితే ఆ బాకీ మీద నెలకు దాదాపు 240 వడ్డీ మొదలవుతుంది, అప్పటికి వెండి ఎక్కడ ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మిగిలిన 11,070ని 3,200తో కలిపితే 14,270.

తర్వాత మేపుల్ లీఫ్‌లు. వీటి మీద సేకరణ విలువ పెద్దగా లేదు. ట్యూబు తెరిచి దీపం కింద పెట్టి చూడండి, రాణి బొమ్మ చెంప మీద పాలచుక్క ఆరినట్టు తెల్లటి మచ్చలు చాలావాటికి కనిపిస్తాయి. మింట్‌లో కడిగినప్పుడు మిగిలిన రసాయనం వల్ల వచ్చే మచ్చలని చెబుతారు. 2018 నుంచి మింట్‌షీల్డ్ పద్ధతి తెచ్చింది అందుకే. ఈ మచ్చలు లోహం ధరను తగ్గించవు, కాబట్టి బేకింగ్ సోడాతోనో, వెండిని మెరిపించే డిప్ ద్రావణంతోనో తుడిచే ప్రయత్నం చేయొద్దు. గీతలు పడితే ఆ తగ్గింపు డీలర్ తప్పకుండా చేస్తాడు. నాణేనికి 45 వచ్చినా పన్ను పోను 4,100 పైచిలుకు చేతికొస్తుంది. నిధి 18,400 దగ్గరకు చేరుతుంది.

మిగతా 14,000 మీ జీతంలోంచి రావాలి. ఇప్పటిదాకా నాణేలకు, కార్డు వాయిదాకు కలిపి నెలకు 1,500 పోతున్నాయనుకుంటే, ఆ మొత్తాన్నే సేవింగ్స్‌కు మళ్లిస్తే పది నెలల్లో పూర్తవుతుంది. ఆ పది నెలలూ ఒక్క నాణెం కొనొద్దు. 401కె వాయిదా జీతంలోంచి మామూలుగా పోనివ్వండి, నిధి నిండాకే దాన్ని ముందుగా తీర్చడం గురించి చూద్దాం. వెండి పెరుగుతుందన్న నమ్మకం ఉంటే అప్పుడు మిగులు డబ్బుతో షేరులా కొనుక్కునే వెండి ఈటీఎఫ్ కొనొచ్చు, స్ప్రెడ్ (కొనే, అమ్మే ధరల తేడా) తక్కువ.

క్రూగర్‌రాండ్‌లు, పాండాలు, లిబర్టాడ్‌లు ఉంచుకోండి. నాలుగేళ్లు మనసుపెట్టి కూర్చినవి, వాటిని అమ్మమని చెప్పను. క్రూగర్‌రాండ్ 22 క్యారెట్లే అయినా 33.93 గ్రాముల బరువులో పూర్తి ఔన్సు మేలిమి బంగారం ఉంటుంది, కాబట్టి తక్కువరకమని ఎవరైనా ధర తగ్గిస్తే ఒప్పుకోవద్దు. 0.01 గ్రాము చూపే త్రాసు, కాలిపర్ కొనుక్కుని బరువు, 32.77 మిల్లీమీటర్ల వ్యాసం కొలిచి రాసిపెట్టుకోండి. మెత్తటి పీవీసీ కవర్లలో ఉన్న నాణేలను వెంటనే తీయండి. కొన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ జిగటగా ఆకుపచ్చటి పొర వదులుతుంది, అది వెండిని తింటుంది. గట్టి యాక్రిలిక్ క్యాప్సూల్స్‌లో పెట్టి, అంచులు మాత్రమే పట్టుకోండి.

మీ ఇంటి బీమా పాలసీ తీసి ప్రత్యేక పరిమితుల పేజీ చదవండి. ఎక్కువగా వాడే హోమ్‌ఓనర్స్, రెంటర్స్ పాలసీల్లో డబ్బు, బులియన్, నాణేలు అన్నిటికీ కలిపి ఉండే పరిమితి 200 డాలర్లు. అవును, రెండు వందలే. దొంగతనమైతే మీ మూడు క్రూగర్‌రాండ్‌లకు వచ్చేది అంతే. బ్యాంకు లాకర్లో పెట్టినా లోపలి వస్తువులకు, డిపాజిట్లకుండే ఎఫ్‌డీఐసీ బీమా లేదు. అందుకే ఉంచుకునే నాణేలను ఒక్కొక్కటిగా ఫోటో తీసి, కొన్న తేదీ, ధర, బరువు రాసిన జాబితాతో ఏజెంట్ దగ్గరకు వెళ్లి షెడ్యూల్డ్ ప్రాపర్టీ కింద చేర్పించండి, లేదా నాణేల సేకరణకే ఇచ్చే విడి పాలసీ అడగండి. జాబితా కాపీ ఒకటి మీ భార్య దగ్గర, ఒకటి ఇంటి బయట ఉండాలి.