పిల్లలు భయపడే దాస్తారనుకోవడం పొరపాటు

రాజాం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు తొమ్మిది నెలల పాప, ఎనిమిదో తరగతి చదివే పదమూడేళ్ల బాబు ఉన్నారు. ఏడాదిగా బాబు ఏమడిగినా "ఏం లేదు" అని లేచిపోతున్నాడట. కొట్టడం, తిట్టడం తమ ఇంట్లో లేవని, అయినా ఎందుకిలా అవుతోందో, పాప విషయంలోనైనా ఎప్పటి నుంచి జాగ్రత్తపడాలో చెప్పమని అడిగారు.

అమ్మా, మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని, మా వారు కొబ్బరితోట చూసుకుంటారు. ఇద్దరు పిల్లలను పెంచి పెద్ద చేశాము. మా ఇంట్లోనూ దెబ్బలు లేవు, అయినా మా అబ్బాయి ఐదు నెలల పాటు తన కష్టమంతా లోపలే దాచుకున్నాడు. మీ ప్రశ్న చదివినప్పుడు నాకు ఆ ఐదు నెలలే గుర్తుకొచ్చాయి కనుక వాటి గురించే రాస్తాను.

2018లో వాడిని ఇంటర్ మొదటి సంవత్సరానికి విశాఖపట్నంలో ఒక కళాశాల హాస్టల్లో చేర్పించాము. ఆ అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరాన్ని దాటింది. మా తోటలో 62 కొబ్బరిచెట్లకు 41 చెట్లు కూలిపోయాయి. మా ఉద్దానం ప్రాంతంలో అందరి తోటలదీ అదే గతి. కొబ్బరిమొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఐదారేళ్లకు తక్కువ పట్టదు. చాలా రోజుల వరకు ఊరికి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. వాడు దసరా సెలవులకు వచ్చేసరికి ఇంటి చుట్టూ మట్టలు, మొద్దులు గుట్టలుగా పడి ఉన్నాయి. వాడున్న నాలుగు రోజులూ మేము ఆ హడావుడిలోనే ఉన్నాము తప్ప వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగలేదు.

నవంబరులో వాడి మార్కులు తగ్గాయని కళాశాల నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది. నేను ఫోను చేసి, గొంతు పెంచకుండానే, "ఇంత నష్టంలోనూ నీ ఫీజు మాత్రం ఆపలేదు నాన్నా" అన్నాను. అది తిట్టు కాదు, వాడికి బాధ్యత గుర్తుచేశాననే అనుకున్నాను. వాడు "సరేనమ్మా" అన్నాడు. ఆ తరువాత వాడి ఫోన్లన్నీ "బాగానే ఉన్నాను, తిన్నాను" అన్న రెండు మాటల్లోకి కుదించుకుపోయాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు మా అత్తగారు వాడి భుజం తడిమి "ఏటి నాన్నా, ఇలా చిక్కిపోనావు" అని అడిగితే, హాస్టల్ తిండి అలాగే ఉంటుందిలే అని వాడి బదులు నేనే జవాబు చెప్పాను. వారం వారం మార్కులు పంపే ఆ హాస్టల్ వారు, పిల్లవాడు రాత్రి భోజనానికి రావడం లేదన్న సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.

మార్చిలో పరీక్షలు రాసి ఇంటికి వచ్చాడు. ఒక మధ్యాహ్నం వసారాలో చాప పరుచుకుని ఇద్దరం చింతపండు బాగు చేస్తున్నాము. నేను గింజ కొట్టి ఇస్తుంటే వాడు ఈనెలు లాగి పళ్లెంలో వేస్తున్నాడు. చాలాసేపు మాటల్లేవు. తరువాత తల ఎత్తకుండానే "అమ్మా, రెండు పోతాయమ్మా" అన్నాడు. ఫిజిక్సు, కెమిస్ట్రీ. నా చేతిలోని సుత్తి ఆగబోయింది, ఎందుకో ఆపకుండా ఇంకొక గింజ కొట్టాను. ఆగి ముఖంలోకి చూసి ఉంటే వాడు మిగతాది చెప్పేవాడు కాదని ఇప్పటికీ నా నమ్మకం. నిద్ర పట్టకపోవడం, పాఠం అర్థం కాకపోయినా లేచి అడగలేకపోవడం, అన్నం సహించకపోవడం, అన్నీ ఒకటొకటిగా చెప్పాడు. దసరాకి వచ్చినప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెబుదామనే వచ్చానమ్మా. అప్పుడు నాన్న పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకుంటున్నారు" అన్నాడు.

అప్పుడు తెలిసింది, వాడు మాకు భయపడి దాచలేదని. మా మీద జాలితో దాచాడు. కష్టంలో ఉన్న ఇంటికి తన కష్టం కూడా బరువవుతుందనుకున్నాడు, నా ఫీజు మాట ఆ అనుమానాన్ని ఖాయం చేసింది. నెమ్మదిగా ఉండే పిల్లలు, ఇంటి పరిస్థితి తెలిసిన పిల్లలు ఇలా ఎక్కువగా దాస్తారని నా తరగతిలోని పిల్లలను చూసి కూడా చెప్పగలను.

వాడిని తిరిగి హాస్టల్‌కు పంపలేదు. మేలో సప్లిమెంటరీ రాసి రెండూ గట్టెక్కాడు. రెండో సంవత్సరం ఇంటి నుంచి బస్సులో వెళ్లి చదువుకున్నాడు.

ఇక మీ బాబు సంగతి. ఏడాది కిందట మీ ఇంట్లో ఏం జరిగిందో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. పాప కడుపులో ఉన్న రోజులవి, పురుడు, నిద్రలేని రాత్రులు. "అమ్మకు తీరిక లేదు, విసిగించకు" అని వాడికి ఎందరు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో ఆలోచించండి. ఇంటి ఇబ్బందులను వాడి దగ్గర దాచనక్కరలేదు, కానీ ఇది మేము చూసుకునే పని, నీ సంగతి వినడానికి మాకు ఓపిక ఉంది అని నోటితో చెప్పాలి. పిల్లలే అర్థం చేసుకుంటారని వదిలేస్తే వాళ్లు తలకిందులుగా అర్థం చేసుకుంటారు. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించకండి, చేతికి ఏదైనా పని ఇచ్చి పక్కన కూర్చోండి. మొదటి పది రోజులు ఏమీ మాట్లాడకపోవచ్చు, అయినా మానకండి. ఒకవేళ తిండి, నిద్ర బాగా తగ్గినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఎదురుచూడకుండా వైద్యుడికి చూపించండి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పాపకు తొమ్మిది నెలలు నిండాయి కనుక మీజిల్స్-రూబెల్లా టీకా వేయిస్తారు. సూది గుచ్చగానే ఏడుస్తుంది. మనలో చాలామంది "ఏం కాలేదు, ఏం కాలేదు" అని ఊపుతాము, నేనూ అలాగే ఊపాను. దానికి బదులు ఎత్తుకుని "నొప్పి పుట్టింది కదూ తల్లీ" అనండి. మాటలు తెలియని వయసే, కానీ ఆ గొంతు తెలుస్తుంది. మీరు అడిగిన జాగ్రత్త అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. పదహారు నెలలు నిండాక రెండో మోతాదు ఉంటుంది, అప్పటికి ఆ మాట కూడా అర్థమవుతుంది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. మా అబ్బాయి ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటేడు మా వారికి కంటి శుక్లం ఆపరేషన్ జరిగితే, కొత్త ఉద్యోగం, వాడిని కంగారు పెట్టడమెందుకని కట్టు విప్పే వరకు వాడికి చెప్పలేదు. తెలిసిన రాత్రే బస్సెక్కి వచ్చేశాడు. కోప్పడలేదు. తండ్రి కంట్లో చుక్కలు వేసి, సీసా మూత బిగిస్తూ, "నేను దాచినప్పుడు మీరెంత బాధపడ్డారో మరిచిపోయారా అమ్మా" అని అడిగాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం మా సంగతులు ముందు మేము చెబుతాము, వాడివి తరువాత వింటాము.