హైకోర్టు అంటే అన్ని దేశాల్లో ఒకటేనా?

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఉన్న మా అబ్బాయి అక్కడ హైకోర్టు తీర్పే ఫైనల్ అంటున్నాడు. మన దగ్గర పైన సుప్రీంకోర్టు ఉంది కదా?

మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలో ఉన్న హైకోర్టే అన్నిటికన్నా పైది. తమాషా ఏమిటంటే, అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక సుప్రీంకోర్టు ఉంటుంది, దాని తీర్పు మీద అప్పీలు హైకోర్టుకు వెళ్తుంది. మనకు సరిగ్గా తలకిందులు.

ఇంగ్లాండులో హైకోర్టు మధ్య మెట్టు. పెద్ద సివిల్ దావాలు నేరుగా అక్కడే మొదలవుతాయి. పైన అప్పీలు కోర్టు, ఆపైన సుప్రీంకోర్టు.

మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లా నేలపాడులో ఉంది. (1954 నుంచి 56 దాకా ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులోనే ఉండేదని ఈ తరంలో చాలామందికి తెలియదు.) దీని అసలు బలం రాజ్యాంగం 226వ అధికరణం. బెజవాడలో మీ ప్రహరీ గోడ రేపే కూల్చేస్తామని మున్సిపాలిటీ వాళ్లు నోటీసు అంటించారనుకోండి, వాదన వినకుండా ఎలా కూలుస్తారని ఈ అధికరణం కింద రిట్ (అధికారులకు ఆదేశం ఇమ్మని నేరుగా హైకోర్టును కోరే పిటిషన్) వేసి స్టే అడగొచ్చు. సుప్రీంకోర్టులో 32వ అధికరణం కింద ప్రాథమిక హక్కుల కోసమే రిట్ వేయగలం, హైకోర్టులో మిగతా చట్టబద్ధ హక్కులకూ వేయొచ్చు. ఆ లెక్కన రిట్ల పరిధి హైకోర్టుకే ఎక్కువ.

కింది కోర్టుల మీద అజమాయిషీ కూడా దానిదే. గుంటూరు సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసినా, హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు చేయడానికి వీల్లేదు.