పాత ఇంటి ఫర్నేస్ మార్చాలి... ఎఫ్‌డీ తీయాలా, 401కే లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: మేం మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాం. 1964లో కట్టిన ఇల్లు, మూడేళ్ల కిందట కొన్నాం. గ్యాస్ ఫర్నేస్ 2003 నాటిది, 80 శాతం రకం. పోయిన వారం రాత్రిపూట ఆగిపోయింది. టెక్నీషియన్ వచ్చి ఇగ్నైటర్ మార్చి 385 డాలర్లు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ హీట్ ఎక్స్ఛేంజర్ పగిలిందని, ఫర్నేస్, ఏసీ కలిపి 13,900 డాలర్లకు మారుస్తానని, ఆ ధర ఈ వారం వరకేనని చెప్పాడు. 18 నెలలు వడ్డీ లేని వాయిదాలట, గ్యాస్ బిల్లు సగానికి తగ్గుతుందట. ఇప్పుడు బిల్లు చలికాలంలో నెలకు 190, వేసవిలో 45 వస్తోంది. మా సేవింగ్స్ 16,000 డాలర్లు. ఎనిమిది నెలల కిందట వేసిన 12 లక్షల ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ ఉంది. మావారికి 401కే ఉంది. నెల ఖర్చు 5,200. ఇంటి లోన్ మీద వడ్డీ 6.75 శాతం, అందుకే నెలనెలా అసలులోకి అదనంగా 700 కడుతున్నాం. మావారిది హెచ్-1బీ, ఆయన జీతం ఒక్కటే. ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు ఇంట్లో ఉన్నారు. రిపేర్లతో ఇంకో రెండేళ్లు నెట్టుకురావచ్చా? మార్చాల్సిందే అయితే డబ్బు ఎందులోంచి తీయాలి?

జవాబు: డబ్బు సంగతి చూసే ముందు ఒక పని చేయండి. బేస్‌మెంట్‌లోనూ, పడకగదుల బయటా కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఇవాళే కొనండి. ఉంటే వెనక వైపు తేదీ చూడండి, వాటికీ కాలపరిమితి ఉంటుంది.

గ్యాస్ మంటకీ, మీ గదుల్లోకి వచ్చే గాలికీ మధ్య ఉండే లోహపు గోడే హీట్ ఎక్స్ఛేంజర్. మంట వేడి గాలికి అందాలి, మంట వదిలే వాయువులు మాత్రం చిమ్నీలోంచి బయటికి పోవాలి. ఆ గోడ పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, నీరసం వస్తే ఫ్లూ అనుకుని పడుకుంటారు. రోజంతా తలుపులు వేసుకుని ఇంట్లో ఉండేది అత్తయ్యగారు కాబట్టి ఈ సంగతి ఆవిడకు వివరంగా చెప్పండి. అలారం మోగితే స్వెటర్ కోసం కూడా ఆగకుండా అందరూ బయటికి వెళ్లి 911కి ఫోన్ చేయాలి. ఫర్నేస్ ఆపిన రోజున గ్యాస్ పొయ్యి గానీ ఓవెన్ గానీ వెలిగించి ఇల్లు వేడి చేయకూడదు.

కాబట్టి పగులు నిజమైతే రెండేళ్లు కాదు, ఒక్క రాత్రి కూడా ఆ ఫర్నేస్ నడపవద్దు. ఇంత పాతదానికి ఎక్స్ఛేంజర్ ఒక్కటే మార్పించడం కూడా దండగ, మజూరీయే చాలా అవుతుంది.

అయితే ఆ పగులు నిజమేనా? ఫొటో చూపించకుండా, ఆ వెంటనే ‘ఈ వారమే’ అనే ధర చెప్పే మనిషి మాట ఒక్కటే చాలదు. లోపల కెమెరా పెట్టి తీసిన ఫొటో అడగండి. ఫీజు కట్టి ఇంకో కంపెనీ చేత పరీక్ష చేయించండి. కొత్తది అమ్మే ఆశ లేకుండా చూసేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. మీ గ్యాస్ కంపెనీకి కూడా ఫోన్ చేసి అడగండి. ఈ రెండు మూడు రోజులూ ఫర్నేస్ ఆపి, నూనె నింపిన కరెంటు హీటర్లు వాడండి. వాటిని ఎక్స్‌టెన్షన్ వైరుకి కాకుండా నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. బాగా చలి ఉన్న రాత్రి పైపులు గడ్డకట్టకుండా కుళాయిల్లోంచి సన్నగా నీళ్లు కారనివ్వండి.

పగులు లేదని తేలితే కొత్త ఇగ్నైటర్‌తో ఈ చలికాలం గడిచిపోవచ్చు. అప్పుడు వసంతంలో, కంపెనీలకు పని తక్కువగా ఉన్నప్పుడు మార్పించండి. గ్యాస్ ఫర్నేస్ సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు నడుస్తుంది. మీది ఆ వయసు దాటింది. ఎలాగైనా మార్చక తప్పదు, ఏ నెలలో అన్నదే తేలాలి.

ఇక 13,900 సంగతి. ఏసీ బాగా పనిచేస్తుంటే దాన్ని ముట్టుకోవద్దు, ఫర్నేస్ ఒక్కదానికే మూడు చోట్ల రాతపూర్వకంగా ధర తీసుకోండి. ‘బిల్లు సగం’ అన్నది కూడా లెక్క వేద్దాం. వేసవిలో వచ్చే 45 నీళ్ల హీటరుకీ వంటకీ అయ్యేది. దాన్ని తీసేస్తే వేడి కోసం అయ్యేది చలి నెలల్లో 145 చొప్పున, అటూ ఇటూ నెలలు కలిపి ఏడాదికి దాదాపు 850 డాలర్లు. 80 శాతం నుంచి 96 శాతం ఫర్నేస్‌కి మారితే గ్యాస్ ఆరో వంతు తగ్గుతుంది, అంటే ఏడాదికి 140 డాలర్లు. బిల్లు ఆదా కోసం ఈ ఖర్చు పెట్టడం లేదు మీరు. ఇంట్లోవాళ్లు భయం లేకుండా నిద్రపోవడానికి పెడుతున్నారు. ఆ దృష్టితో చూస్తే పైన తగిలించే ఖరీదైన హంగులు చాలావరకు అక్కర్లేదు.

టాక్స్ క్రెడిట్ వస్తుందని చెబితే నమ్మకండి. ఇంటి పరికరాలకు ఇచ్చిన ఫెడరల్ 25సీ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో ముగిసింది. గ్యాస్ కంపెనీ రిబేటు ఉందేమో మాత్రం అడగండి.

పాత ఇళ్లలో ఎక్కువ డబ్బు పోయేది సైజు దగ్గర. కిటికీలు వదులుగా, అటకలో ఇన్సులేషన్ పలచగా ఉన్న రోజుల్లో పెద్ద ఫర్నేస్ పెట్టేవారు. ఇప్పుడొచ్చే మనిషి పాత స్టిక్కరు చూసి అదే సైజు రాసేస్తాడు. ‘మాన్యువల్ జే’ లెక్క వేసి సైజు చెప్పమనండి. చిన్నది సరిపోతే ధర తగ్గుతుంది, మాటిమాటికీ ఆగి వెలగడమూ తగ్గుతుంది. ఇంకొకటి, 96 శాతం రకం పొగ చిమ్నీలోకి పోదు, ప్లాస్టిక్ పైపులో పక్క గోడలోంచి బయటికి పోతుంది. అప్పుడు పాత చిమ్నీలో నీళ్ల హీటరు ఒక్కటే మిగులుతుంది, దాని పొగకు అంత వెడల్పు చిమ్నీ ఎక్కువైపోయి సరిగా పైకి లాగదు. లోపల లైనర్ వేయాల్సి రావచ్చు. ఆ ఖర్చు కొటేషన్‌లో ముందే రాయించుకోండి. మీది 1964 ఇల్లు కాబట్టి డక్టుల కీళ్ల మీద తెల్లటి పాత టేపు ఉంటే గీకనివ్వకండి. ఆస్బెస్టాస్ కావచ్చు, ముందు పరీక్ష చేయించాలి. సిటీ పర్మిట్ లేకుండా చేస్తానంటే ఒప్పుకోవద్దు.

ఇప్పుడు డబ్బు. ఫర్నేస్, లైనర్ కలిపి 7,000 అవుతుందనుకుందాం.

401కే లోన్ వద్దు. ఉద్యోగం పోతే, మిగిలిన బాకీని ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా కట్టాలి. కట్టలేకపోతే దాన్ని విత్‌డ్రాయల్‌గా లెక్కిస్తారు. దాని మీద పన్ను, యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకపోతే ఇంకో 10 శాతం పెనాల్టీ. హెచ్-1బీలో ఉద్యోగం పోతే మీకుండే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు. అప్పుడు ఈ బాకీ కూడా మీద పడకూడదు.

ఎఫ్‌డీ కూడా ఇప్పుడు కదపవద్దు. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీని ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ అసలే రాదు. నాలుగు నెలలు ఆగితే అది మీకు రెండో రక్షణ అవుతుంది. ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికా రిటర్న్‌లో చూపించాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ కూడా దాఖలు చేయాలి. చేస్తున్నారో లేదో ఒకసారి చూసుకోండి.

సేవింగ్స్ లోంచే కట్టండి. అలా కడితే మిగిలేది 9,000, రెండు నెలల ఖర్చుకి కూడా చాలదు. అందుకే అసలులోకి కట్టే ఆ 700ని వచ్చే నెల నుంచి ఆపండి. అప్పు త్వరగా తీర్చేయాలన్న మీ తాపత్రయం నాకు అర్థమవుతుంది, 6.75 శాతం వడ్డీ తక్కువేమీ కాదు. కానీ మూడేళ్లుగా కట్టినట్టయితే దాదాపు 25,000 డాలర్లు ఆ గోడల్లోకి వెళ్లిపోయాయి. కష్టం వచ్చిన రోజున బ్యాంకు అవి వెనక్కి ఇవ్వదు. ఇంటి మీద కొత్త లోన్ అడగాలి, ఉద్యోగం లేని మనిషికి అది ఇవ్వరు. పాత ఇల్లు, ఒక్క జీతం, వీసా మీద ఉద్యోగం ఉన్నప్పుడు వడ్డీ మిగలడం కన్నా చేతిలో నగదు ఉండటమే నాకు ముఖ్యం. నెలకు 700 చొప్పున పది నెలల్లో మళ్లీ 16,000 అవుతుంది. ఎఫ్‌డీతో కలిపితే అయిదు నెలలకు పైగా ఖర్చు చేతిలో ఉన్నట్టే. ఆరు నెలలు దాటాక కావాలంటే మళ్లీ అసలు కట్టండి.

వడ్డీ లేని వాయిదాల గురించి రెండు ప్రశ్నలు అడగండి. నగదు ఇస్తే ధర ఎంత తగ్గుతుంది? 18వ నెలకి కొంచెం బాకీ మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ లెక్కిస్తారా? రెండోదానికి అవునంటే వదిలేయండి. ధర తగ్గదు, వడ్డీ కూడా నిజంగా లేదు అని కాగితం మీద ఉంటే మాత్రం తీసుకోండి. నెలకు 389 చొప్పున ఆటోపే పెట్టేస్తే మీ 16,000 అలాగే ఉంటుంది.

కొత్తది వేశాక ఫిల్టర్‌ని మూడు నెలలు దాటనివ్వకండి. పాత డక్టులకు మరీ దట్టమైన మెర్వ్ 13 కన్నా మెర్వ్ 8 నయం, గాలి ఆడుతుంది. ఏటా సెప్టెంబరులో సర్వీసు చేయించండి, మంచు పడితే గోడ బయటి పైపుల చుట్టూ తీసేయండి. కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరుతో వెంటనే రిజిస్టర్ చేయండి. చాలా కంపెనీలు గడువు దాటితే వారంటీ తగ్గిస్తాయి. బిల్లు దాచండి, ఇల్లు అమ్మేటప్పుడు కొత్త ఫర్నేస్ ఖర్చు ఇంటి కొన్న ధరకు కలుస్తుంది. ఇగ్నైటర్‌కి ఇచ్చిన 385 కలవదు.

నీళ్ల హీటరు, పైకప్పు ఏ ఏడాదివో రాసి పంపండి. వాటి కోసం నెలకు ఎంత పక్కన పెట్టాలో లెక్క వేసి చెబుతాను.