రుడాల్ఫ్ విర్కో వైద్యాన్ని సామాజిక శాస్త్రమని ఎందుకన్నారు?

రోగాలకు మూలం శరీర కణాల్లో వచ్చే మార్పులేనని చెప్పే కణ రోగశాస్త్రానికి పునాది వేసిన జర్మన్ వైద్యుడు విర్కో ఈ మాట అనడం వెనుక 1848 నాటి ఒక ప్రయాణం ఉంది. ఆ ఫిబ్రవరిలో ఎగువ సైలీషియాలో (నేటి పోలండ్‌లోని ప్రాంతం) పేల ద్వారా వ్యాపించే టైఫస్ జ్వరం ప్రబలగా, అప్పట్లో దాన్ని పాలిస్తున్న జర్మన్ రాజ్యం ప్రష్యా ప్రభుత్వం 26 ఏళ్ల విర్కోను పరిశీలనకు పంపింది. పోలిష్ మాట్లాడే ఆ పేద జనం తిండి కరువై, ఇరుకు గుడిసెల్లో ఎలా బతుకుతున్నారో ఆయన సుమారు మూడు వారాలు దగ్గరుండి చూశారు. తిరిగి వచ్చి సమర్పించిన నివేదికలో మందుల ఊసు కంటే ప్రజాస్వామ్యం, అందరికీ చదువు, పోలిష్ భాషకు అధికార గుర్తింపు, పేదలపై పన్నుల తగ్గింపు వంటి సూచనలే ప్రధానంగా కనిపిస్తాయి. మార్చిలో ఆయన ప్రజాస్వామ్య హక్కుల కోసం బెర్లిన్‌లో జరిగిన తిరుగుబాటులోనూ పాల్గొన్నారు; మరుసటి ఏడాది బెర్లిన్ వదిలి వ్యూర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

నాకు ఆసక్తికరంగా తోచేది, ఆయన సూక్ష్మదర్శినిని రాజకీయాల నుంచి విడదీయకపోవడం. శరీరం ఒక రాజ్యమనీ, అందులో ప్రతి కణమూ పౌరుడేననీ ఆయన భావించారు. సామాజిక కారణాలపై అంత గట్టి నమ్మకం ఉన్నందువల్లనేమో, రోగాలకు మూలం సూక్ష్మక్రిములేనన్న వాదాన్ని మాత్రం చాలాకాలం సందేహించారు. అయినా, నగర సభ సభ్యుడిగా బెర్లిన్‌కు భూగర్భ మురుగుకాలువలు రావడానికి పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యులు.