డేటా వేర్‌హౌస్ (విశ్లేషణ కోసం సంస్థ డేటాను ఒకచోట చేర్చే నిల్వ) శిక్షణను రూపకల్పనతో మొదలుపెట్టాలా, డేటాను అందులోకి నింపే లోడింగ్ సాధనంతోనా?

రూపకల్పనతోనే మొదలుపెట్టడం మంచిది. లావాదేవీల అంకెలు ఉండే ఫ్యాక్ట్ టేబుల్‌లోని ఒక్కో వరుస మొత్తం బిల్లును సూచిస్తుందా, బిల్లులోని ఒక్కో వస్తువునా అన్నది ముందే తేల్చుకోకపోతే, తర్వాత వేసే కూడికలు తప్పుతాయి. ఎక్కువ సమయం కేటాయించవలసింది మాత్రం మారే డైమెన్షన్లకు (ఖాతాదారు, వస్తువు వంటి వాటి వివరాలు ఉండే టేబుళ్లకు): ఖాతాదారు చిరునామా మారినప్పుడు పాతదాన్ని చెరిపి రాస్తే చరిత్ర పోతుంది కనుక, టైప్ 2 పద్ధతిలో పాత వరుసకు ముగింపు తేదీ వేసి, కొత్త సరొగేట్ కీతో (వేర్‌హౌస్ సొంతంగా ఇచ్చే గుర్తింపు సంఖ్యతో) మరో వరుస చేర్చి, ఆపైన జరిగే లావాదేవీలను దానికి ముడిపెడతారు. లోడింగ్‌లో సాధారణంగా డైమెన్షన్లను ముందు, ఫ్యాక్ట్‌లను తర్వాత నింపుతారు. మధ్యలో ఆగిపోయిన లోడ్‌ను మళ్లీ నడిపినా వరుసలు రెండింతలు కాకుండా చూడటాన్ని కూడా సాధన చేయించాలి; ఇది లేని శిక్షణను నేను పూర్తి శిక్షణగా పరిగణించను.