ఒరలో ఉండిపోయిన కత్తులు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నవల మొదటి అధ్యాయాలు అందాయి, చదివాను. జపాన్‌లో షోగన్లనే సైనిక పాలకుల ఏలుబడి కూలిపోతున్న రోజులు, క్యోటో వీధులు, సమురాయ్ యోధుల కత్తులు. ఎత్తుకున్న విషయం పెద్దది. నీకు దానిమీద ఎంత ప్రేమ ఉందో ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. అనిమేలు, ఆ జపాన్ బొమ్మల సినిమాలు, చూసి ఈ పిచ్చి పట్టిందని భయంభయంగా రాశావు. అందులో సిగ్గుపడాల్సిందేముంది? ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఆ మనుషుల దాకా వెళ్లామా లేదా అన్నదే చూసుకోవాలి.

నాకు కొరుకుడు పడనిది ఒక్కటే. నీ అధ్యాయాల్లో కత్తి ప్రతిసారీ పనిచేస్తోంది. దూస్తారు, మెరుస్తుంది, ఎదుటివాడు పడిపోతాడు. 1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ నల్ల ఓడలు ఉరాగా దగ్గర లంగరు వేసిన నాటి నుంచి 1869లో హకొదాతెలో ఆఖరి యుద్ధం ముగిసేదాకా జరిగింది చదువుతుంటే నాకు మళ్లీ మళ్లీ కనిపించేవాళ్లు వేరే. సమయానికి కత్తి దూయలేకపోయినవాడు, దూయకూడదని తీర్మానించుకున్నవాడు, చేతిలో విరిగిన కత్తితో నిలబడిపోయినవాడు. నీ నవల వాళ్ల దగ్గర ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సకురాదా ద్వారం సంగతి నువ్వు ఒక్క పేరాలో దాటేశావు. అక్కడ ఆగు. 1860 మార్చి 24, పొద్దున పూట. ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, వసంతం వచ్చినా ఆ రోజు మంచు పడుతోంది. షోగన్ ప్రభుత్వంలో అందరికంటే పెద్ద పదవిలో ఉన్న ఇయీ నావోసుకే పల్లకీలో కోటకి బయల్దేరాడు. చుట్టూ అరవై మంది దాకా పరివారం. చక్రవర్తి అనుమతి లేకుండా 1858లో అమెరికాతో వాణిజ్య ఒప్పందం చేసుకున్నాడనీ, ఎదురు చెప్పినవాళ్లని జైళ్లలో వేసి చంపించాడనీ పగబట్టిన పద్ధెనిమిది మంది దారిలో కాచుకున్నారు. అందులో పదిహేడుగురు మితో సంస్థానంవాళ్లు, ఒకడు సత్సుమా సంస్థానంవాడు. అంగరక్షకులేమో మంచుకి తడవకుండా పైన వానకోట్లు వేసుకున్నారు. కత్తుల పిడులకి తొడుగులు తొడిగి ఉన్నారు. శత్రువు మీదికి వచ్చేసరికి ఆ తొడుగు ఊడదీయాలి, కోటు వెనక్కి నెట్టాలి, అప్పుడు గానీ పిడి చేతికి అందదు. అంత వ్యవధి వాళ్లకి ఎవరిచ్చారు? కొందరు ఒరతోనే దెబ్బలు కాచుకున్నారు.

ఇంకో సంగతి. పల్లకీలో కూర్చున్న నావోసుకే సామాన్యుడు కాడు. కూర్చున్న చోటు నుంచే రెప్పపాటులో కత్తి దూసే విద్యలో ఆరితేరి, సొంతంగా ఒక శాఖ కూడా నెలకొల్పినవాడు. అలాంటివాణ్ణి ముందు తాకింది పిస్తోలు గుండు. నడుం దగ్గర తగిలి లేవలేకపోయాడు. జీవితమంతా సాధన చేసిన ఆ ఒక్క పని చేసే అవకాశం ఆ పొద్దున రానే లేదు. బయటికి లాగి తల నరికారు.

కథ అక్కడితో ఆగలేదు. ఏలికను కాపాడలేదన్న నేరానికి రెండేళ్ల తర్వాత, ఆ రోజు బతికి బయటపడిన పరివారానికి శిక్షలు పడ్డాయి. చిన్న గాయాలతో బయటపడ్డవాళ్లు కడుపు చీల్చుకోవాలి. ఒంటిమీద గాయమే లేనివాళ్లకి శిరచ్ఛేదం. ఒక్క అంగరక్షకుణ్ణి ఊహించుకో. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో తొడుగు లాగుతున్నాడు, అది రావడం లేదు. ఆ వేళ్లు రాయి. తర్వాత ఇంట్లో అతను గడిపిన ఆ రెండేళ్లు రాయి. పద్ధెనిమిది మంది వీరావేశం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, వాళ్లకి నీ అవసరం లేదు.

కియోకావా హచిరో చావు ఇంతకంటే విచిత్రం. ఎడోలో పేరున్న హొకుషిన్ ఇత్తో శాఖలో తేలిన కత్తిసాము వీరుడు. ఎదురుపడి గెలవడం కష్టమని శత్రువులకి తెలుసు. 1863లో అజాబు వంతెన దగ్గర షోగన్ పక్షంవాడైన ససాకి తాదాసాబురో అతనికి ఎదురొచ్చి, మర్యాదగా టోపీ తీసి పలకరించాడు. ఎదుటివాడు టోపీ తీసినప్పుడు మనమూ తీయాలి కదా. కియోకావా చేతులు గడ్డం కింది ముడి దగ్గరికి వెళ్లాయి. వెనక నుంచి వేటు పడింది. ఒక మనిషి పెంపకంలో వచ్చిన మర్యాదే అతని చేతులు కట్టేసింది. మీ తరం చూసే పోరాట సన్నివేశాల్లో ఇలాంటిది దొరకదు, దొరికినా చాలా అరుదు.

అదే ససాకి పేరు నాలుగేళ్ల తర్వాత మళ్లీ వినబడుతుంది. 1867 డిసెంబర్ 10 రాత్రి, క్యోటోలో ఓమియా అనే సోయా సాస్ వ్యాపారి ఇంటి మేడ మీద షోగన్ల పాలన పోవాలని పాటుపడ్డ తోసా సంస్థానపు సమురాయ్ సకామోటో ర్యోమాని చంపిన దళానికి నాయకుడు అతనేనని, ఆ దళంలోనే ఉన్న ఇమాయ్ నోబువో తర్వాత ఒప్పుకున్నాడు. ర్యోమాని నువ్వు దేవుణ్ణి చేసి రాశావు. ఆ గదిలోకి నడిచి చూడు. కింద ఎవరో వచ్చి పేరు రాసిన చీటీ ఇచ్చారు. పనివాడు తోకిచి, ఒకప్పటి సుమో వస్తాదు, అది తీసుకుని పైకి వెళ్తుంటే వెనక నుంచి నరికారు. ఆ దబదబ చప్పుడు విని ర్యోమా తన తోసా యాసలో 'గోల చెయ్యకురా' అని కేకేశాడంటారు. తను ఎక్కడున్నాడో ఆ కేకే వాళ్లకి చెప్పింది. పొడవాటి కత్తి వెనక అలంకరణ గూట్లో ఉంది. దానికోసం వెనక్కి తిరిగేసరికి వీపున వేటు. కత్తి దూసే వ్యవధి లేక ఒరతోనే తర్వాతి దెబ్బ కాచుకున్నాడు. దెబ్బ ఆగలేదు. పక్కనే ఉన్న సహచరుడు నకావోకా షింతారో కత్తి తెర అవతల ఉండిపోయింది. చిన్న కత్తితోనే పోరాడి, రెండు రోజులు కొట్టుకుని పోయాడు. ర్యోమాకి ముప్ఫై ఒక్కేళ్లు.

ర్యోమా కత్తి ఇప్పుడు క్యోటో జాతీయ మ్యూజియంలో ఉంది. యోషియుకి అనే కమ్మరి చేసినది. 1913లో కుషిరోలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి, దాని వంపు కూడా పోయింది. ఆ రాత్రి గదిలో గోడకి వేలాడిన పూల చిత్రపటం కూడా అక్కడే ఉంది, దాని కింది భాగంలో రక్తపు చుక్కలతో. ఎప్పుడైనా క్యోటో వెళ్లే వీలుంటే, వాటిని ప్రదర్శనకి పెట్టారేమో ముందే కనుక్కుని వెళ్లు.

ర్యోమా అంతకుముందు ఏడాది కూడా చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. సత్సుమా, చోషు సంస్థానాల మధ్య రహస్య ఒప్పందం కుదిర్చిన రెండు రోజులకే, 1866 మార్చి 9న, ఫుషిమిలో తెరదాయా సత్రాన్ని పోలీసులు చుట్టుముట్టారు. స్నానం చేస్తున్న అతని సహచరి ఓర్యో పైకి పరుగెత్తి హెచ్చరించింది. అంత పేరున్న కత్తివీరుడు అప్పుడు చేతిలోకి తీసుకున్నది రివాల్వర్. ఆ తర్వాత ఇంటికి రాసిన ఉత్తరంలో ఏం చెప్పాడో తెలుసా? బొటనవేళ్లు తెగి, గుళ్లు నింపుతుంటే తూటాల చక్రం జారిపోయిందని, పరుపుల మధ్య ఎంత వెతికినా దొరకలేదని. కళ్లకు కట్టినట్టు ఉంటుంది ఆ భాగం. తన గురించి తాను అంత నిజాయితీగా రాసుకున్న మనిషిని మనం విగ్రహం చేస్తే అన్యాయం కాదా?

ఇక 1864లో క్యోటోలోని ఇకెదాయా సత్రంలో జరిగిన కొట్లాట. నువ్వు ఎక్కువగా కష్టపడింది దానికేనని తెలుసు. గియోన్ పండుగ రోజులు, ఉక్కపోత రాత్రి, సత్రంలో షోగన్‌ని ఎదిరించే చోషు పక్షంవాళ్లు ఇరవై మందికి పైగా. షోగన్ తరఫున క్యోటోని కాపలా కాసే షిన్‌సెన్‌గుమి దళం నాయకుడు కొండో ఇసామి కొద్దిమందిని వెంటబెట్టుకుని లోపలికి చొచ్చుకుపోయాడు. అంతవరకూ సరే. తర్వాత ఆ దళంలోని ఒకితా సోజి ఒక్కడే పదిమందిని పడేసి, రక్తం కక్కుకుంటూ చంద్రుణ్ణి చూశాడని రాశావు. ఒకితా మధ్యలో పడిపోయిన మాట నిజం. అతను 1868లో క్షయతో పోయాడన్నదీ నిజం. ఆ రాత్రే రక్తం కక్కాడన్నది మాత్రం తర్వాతివాళ్లు కట్టిన ముచ్చట. వేడికి సొమ్మసిల్లి ఉంటాడనే చరిత్రకారులూ ఉన్నారు.

దానికి బదులు కొండో ఎడోలో ఉన్న పెంపుడు తండ్రికి రాసిన ఉత్తరం చూడు. కొట్లాట అయ్యాక కత్తుల పరిస్థితి లెక్క రాశాడు. దళంలోని నాగాకురా కత్తి విరిగింది. ఒకితా కత్తి మొన ఊడింది. టోడో హెయిసుకే కత్తి అంచు చీల్చిన వెదురు కుంచెలా అయింది. దత్తపుత్రుడు షుహెయి ఈటెని నరికేశారు. నాది మాత్రం కోటెత్సు కావడం వల్లనేమో ఏమీ కాలేదు, అని. కోటెత్సు పదిహేడో శతాబ్దపు గొప్ప కమ్మరి. ఆ పేరుతో నకిలీలు లెక్కలేనన్ని ఉండేవి. కొండోది అసలుదేనా అని ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. రైతు ఇంట పుట్టి సమురాయ్ కావాలని కలలుగన్నవాడు కదా, తన కత్తి అసలుదేనని ఎంత గట్టిగా నమ్మి ఉంటాడో ఆలోచించు. నాలుగేళ్లు తిరక్కుండానే ఇతబాషిలో అతని తల తీశారు. సమురాయ్‌కి దక్కాల్సిన గౌరవంతో కడుపు చీల్చుకోనివ్వలేదు.

టోడో సంగతి కూడా నువ్వు వదిలేశావు. కొట్లాట సద్దుమణిగిందనుకుని, ఉక్క భరించలేక నుదుటికి కట్టుకున్న ఇనుప పట్టీ తీశాడు. సరిగ్గా అప్పుడే దాక్కున్నవాడు బయటికొచ్చి నుదుటి మీద కొట్టాడు. రక్తం కళ్లలోకి కారి ఏమీ కనబడలేదు. చంద్రుడు లేకపోయినా నడిచే సన్నివేశం అది.

హంతకులుగా పేరుపడ్డ నలుగురిలో నీకు కవాకామి గెన్‌సాయ్ ఇష్టమన్నావు. నన్నడిగితే ఒకాడా ఇజోని చూడమంటాను. తోసాలో కింది తరగతి సమురాయ్. తన నాయకుడు టాకెచి హాన్‌పెయిటా చెప్పినవాళ్లనల్లా నరికాడు. ఒక దశలో, 1863లో, ర్యోమా మాట మీద షోగన్ నౌకాదళ అధికారి కత్సు కైషుకి అంగరక్షకుడిగా వెళ్లాడు. కైషు కూడా కత్తిసాము బాగా నేర్చినవాడే. కానీ మనుషుల్ని చంపడం ఇష్టం లేక, తన కత్తి సులువుగా దూయడానికి వీల్లేకుండా గట్టిగా కట్టేసి ఉంచేవాణ్ణని ముసలితనంలో చెప్పుకున్నాడు. ఒక రాత్రి క్యోటో వీధిలో ముగ్గురు మీదపడ్డారు. ఇజో ఒకణ్ణి అక్కడికక్కడే నరికాడు, మిగతావాళ్లు పారిపోయారు. మనుషుల్ని చంపడంలో సంతోషపడకూడదు, మానుకో అని కైషు మందలించాడు. 'అప్పుడు నేను లేకపోతే గురువుగారి తల ఎగిరిపోయేది' అన్నాడు ఇజో. కైషుకి నోట మాట రాలేదట.

నీ నవల మొత్తానికి వెన్నెముక కాగల సంభాషణ ఇది. ఎవరిది ఒప్పు అని నువ్వు తీర్పు చెప్పకు. కత్తి కట్టేసుకునే వీలు కైషుకి ఎలా వచ్చింది, ఇజోకి ఎందుకు రాలేదు, అది చూపించు. 1865లో చిత్రహింసలకి తట్టుకోలేక ఇజో అందరి పేర్లూ చెప్పేశాడు. ఒకే రోజున అతనికి శిరచ్ఛేదం, టాకెచికి కడుపు చీల్చుకునే గౌరవం. చావులో కూడా ఆ తరగతి తేడా పోలేదు.

తారీఖుల గురించి చిన్న మాట. జపాన్ 1873 దాకా పాత చాంద్రమాన పంచాంగం వాడింది. అందుకే ఇకెదాయా ఒకచోట ఆరో నెల ఐదో తేదీ అని, ఇంకోచోట 1864 జూలై 8 అని కనిపిస్తుంది. నువ్వు రెండూ కలిపేశావు, ఒకే వారంలో రెండు రుతువులు వచ్చాయి. ఏదో ఒకటి పట్టుకో.

బతికిపోయినవాళ్ల మాటలు కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. నాగాకురా షిన్‌పాచి జ్ఞాపకాలు 1913లో ఒతారు పత్రికలో వచ్చాయి, అంటే ఇకెదాయాకి దాదాపు యాభై ఏళ్ల తర్వాత. ముసలాయన స్నేహితుల మీద ప్రేమతో చెప్పిన మాటలవి. 1876లోనే ఇతబాషిలో కొండోకి, దళ ఉపనాయకుడు హిజికాటాకి రాతి స్మారకం నిలబెట్టించిన మనిషి. కత్తులు కట్టుకు తిరగకూడదని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది కూడా ఆ ఏడాదే. ప్రేమ ఉన్నచోట లెక్కలు కొంచెం పెరుగుతాయి. అందుకని ఆయన్ని కాదనకు, పక్కన కొండో ఉత్తరం పెట్టుకుని చదువు.

నీ పథకంలో యమావోకా తెస్షు పేరే లేదు. అదే నాకు అన్నిటికంటే బాధగా అనిపించింది. ఆరడుగులు దాటిన మనిషి, రాక్షస తెత్సు అని పేరు, ఆ కాలపు గొప్ప కత్తిసాము గురువుల్లో ఒకడు, జీవితంలో ఎవర్నీ నరకలేదని ప్రసిద్ధి. 1868 వసంతంలో చక్రవర్తి సేనలు ఎడో మీదికి వస్తున్నప్పుడు, పది లక్షల మంది ఉన్న ఆ ఊరు తగలబడిపోతుందని అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నప్పుడు, శత్రు శిబిరాల మధ్య నుంచి నడుచుకుంటూ సుంపులో ఉన్న ఆ సేనల నాయకుడు సైగో టకమోరి దగ్గరికి వెళ్లాడు. దారిలో దాక్కోలేదు. రాజద్రోహి తోకుగావా సేవకుణ్ణి, యమావోకాని, వెళ్తున్నాను అని గట్టిగా చెప్పుకుంటూ పోయాడంటారు. సైగో పెట్టిన షరతుల్లో తన ఏలిక, ఆఖరి షోగన్ తోకుగావా యోషినోబుని వేరే సంస్థానానికి అప్పగించాలన్నదానికి మాత్రం ఒప్పుకోలేదు. మీ ప్రభువుని ఇలాగే అప్పగించమంటే మీరు ఇస్తారా అని అడిగాడు. సైగో కాసేపు ఆలోచించి ఆ షరతు సంగతి తన బాధ్యత అన్నాడు. తర్వాత కైషు, సైగో కూర్చుని మాట్లాడుకున్నారు, మే 3న ఎడో కోట యుద్ధం లేకుండా చేతులు మారింది.

సుంపులో యమావోకా, సైగో మాట్లాడుకున్న ఆ గదిలో ఇద్దరూ యుద్ధం తెలిసినవాళ్లే. ఎవరి చెయ్యీ పిడి మీదికి పోలేదు, అయినా నీ ఇకెదాయాలో కంటే ఎక్కువ టెన్షన్ ఉంది. ముందు ఈ అధ్యాయం రాసి పంపు. సంభాషణలు పొట్టిగా ఉండనీ. ఇకెదాయా సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ ఉత్తరం కోసం ఎదురుచూసే పెద్దమ్మ