నీ కతల నవ్వు యాడున్నదో ముందు చూసుకో తమ్మీ

తమ్మీ,

నీ మెసేజ్ చూసిన, నువ్వు రాసిన కత గూడ మొత్తం చదివిన. ముందుగాల నువ్వడిగిన దానికే వస్త. డగ్లస్ ఆడమ్స్ అంతరిక్షం మీద రాసిన నవ్వుల నవల ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ చదివి, వెంటనే 2005ల వచ్చిన సినిమా చూసినవ్, పుస్తకంల కడుపు నొచ్చేదాక నవ్విన జాగల సినిమాల నవ్వే రాలేదన్నవ్, మీ రూమ్మేట్ ఏమో పుస్తకం ముట్టకుంటనే సినిమా చూసి మస్తున్నదన్నడు, ఇద్దర్ల ఎవరు కరెక్టని అడిగినవ్. ఆ సినిమా వచ్చిన కాన్నుంచి జనం ఇట్లనే రెండు దిక్కుల నిలవడ్డరు. ఇద్దరు కరెక్టే అని నేను తప్పించుకోను, నా లెక్కల నీ మాటే ఎక్కువ నిజం, కాని నువ్వు చెప్పిన కారణం తప్పు. కత మార్చిండ్రు కాబట్టి చెడింది అన్నవ్. మార్చుడు కాదు అసలు సంగతి.

ఆ కతకు ఒక్కటే రూపం ఎన్నడు లేదు. 1978 మార్చి 8న బీబీసీ రేడియో 4ల నాటకంగ మొదలైంది, 1979ల నవల అయింది, 1981ల టీవీకి వచ్చింది, 1984ల కంప్యూటర్ గేమ్ గూడ అయింది, ఒకదానికొకటి పూర్తిగ కలువయి, మార్చింది ఎవరో కాదు ఆడమ్సే. సినిమాల జాన్ మాల్కోవిచ్ వేసిన హుమ్మా కవులా పాత్ర, ఎవరి మీద పేలిస్తే వాళ్లకు పేల్చినోళ్ల ఆలోచన అర్థమయ్యే ఆ తుపాకి, ఇవి పుస్తకంల లేవు. చానామంది హాలీవుడ్డోళ్లు జొర్రగొట్టిండ్రనుకున్నరు, తీరా చూస్తే అవి గూడ ఆడమ్స్ సినిమా కోసం కొత్తగ పుట్టించినవే. ఆయన 2001 మే 11న 49 ఏండ్లకే గుండెపోటుతోని పోయిండు, ఏండ్లకేండ్లు తాను ఎంటపడి తిరిగిన సినిమాను కండ్లతోని చూడలే. స్క్రిప్టు కేరీ కిర్క్‌పాట్రిక్ పూర్తి చేసిండు, గార్త్ జెన్నింగ్స్ డైరెక్ట్ చేసిండు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ పానం కలుక్కుమంటది.

మరి పోయిందేంది అంటే, చెప్పే గొంతు పోయింది. కతల హీరో ఆర్థర్ డెంట్ ఇల్లు బైపాస్ రోడ్డు కోసం కూలగొట్టనీకి వచ్చిన సీను యాది తెచ్చుకో. ప్లాను తొమ్మిది నెలల సంది ఆఫీసుల చూసుకోనీకి పెట్టే ఉన్నదంటడు ఆఫీసరు. పుస్తకంల ఆర్థర్ ఏమంటడు, దాన్ని చూడనీకి సెల్లార్లకు దిగాల్సొచ్చిందంటడు, ఆడ లైటు లేదు, మెట్లు లేవు, ఆ కాయితం ఉన్నది తాళమేసిన బీరువాల, బీరువా ఉన్నది ఎవరు వాడని లెట్రిన్ల, తలుపు మీద చిరుతపులి ఉన్నది జాగ్రత్త అని బోర్డు. ఒక్కో మాటకు ఇంకో మెట్టు దిగుతనే ఉంటవ్, ఆఖర్ల పులి కాడ నవ్వు పగుల్తది. సినిమాల పులి దాక పోనే పోలేదు, మధ్యల్నే కోసిండ్రు. కత ఏం మారలే, ఇల్లు కూలింది, ఎనుకనే అంతరిక్షంల రోడ్డు కోసం భూమి గూడ కూలింది, కాని నవ్వు రాకముందే కత్తెర పడ్డది.

ఈ జోక్ మన దిక్కు అర్థమైనంత గట్టిగ లండన్ల గూడ అర్థం గాదని నేను నమ్ముత. చౌటుప్పల్ కాడ, హైదరాబాద్ చుట్టు వేసే రీజనల్ రింగ్ రోడ్డు కింద భూములు పోతయని రైతులు ఎన్ని ధర్నాలు చేసిండ్రో నీకు ఎరుకే. మామూలుగ 2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటిఫికేషన్ గెజిట్ల రావాలె, రెండు పేపర్లల్ల రావాలె, పంచాయతీల, తాసిల్దార్ ఆఫీసుల పెట్టాలె. కాయితం మీద అన్నీ ఉంటయి, భూమి పోయేటోనికి మాత్రం ఎవరో చాయ్ హోటల్ కాడ చెప్తే తెలుస్తది. ఆడమ్స్ రాసిన నవ్వు కింద ఉన్న బాధ గిదే.

నువ్వు చిన్నప్పుడు బుర్రకత చూసినవో లేదో, అండ్ల కథకుడు కత ఊపు మీదున్నప్పుడే వంతగాడు అడ్డమొచ్చి ఒక మాటేస్తడు, జనం నవ్వుతరు, మళ్ల కత నడుస్తది. ఆ వంతను తీసేసి కత ఒక్కటే చెప్తే ఎట్లుంటదో ఆలోచించు. ఆడమ్స్ నవలల మనుషులు ఎంటేసుకొని తిరిగే ‘గైడ్’ అనే పుస్తకం చేసే పని అదే, కత ఆపి తువ్వాల ఎందుకు ముఖ్యమో పేజీ నిండ చెప్తది, భుజాన తువ్వాల లేకుంట ఊరు దాటని మన తాతలు ఇంటే తలూపేటోళ్లు. సినిమాల గైడ్‌కు స్టీఫెన్ ఫ్రై ఇచ్చిన గొంతు మంచిగనే ఉన్నది కాని, ఆ గొంతుకు టైం ఇయ్యలే, పరుగు ఎక్కువైంది.

మీ రూమ్మేట్‌ను గూడ చిన్నచూపు చూడకు. భూమిని కూలగొట్టే వోగాన్లు అనే గ్రహాంతరవాసులను కంప్యూటర్ బొమ్మలు గాకుంట జిమ్ హెన్సన్ క్రియేచర్ షాప్ల నిజంగ తయారు చేయించిండ్రు, గ్రహాలు కట్టే ఫ్యాక్టరీ సీను నోరు తెరిపిస్తది, మార్విన్ అనే రోబోకు అలన్ రిక్‌మన్ ఇచ్చిన గొంతు ఉన్నది. అవి సినిమా సొంత బలాలు, పుస్తకం ఇయ్యలేనివి.

ఇగ నీ కత. దేవరకొండ కాడ చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిల దిగిన గ్రహాంతరవాసిని సర్వేయర్ పట్టా పాస్‌బుక్ అడుగుడు, ఆ ఊహకు నిజంగ సంబురపడ్డ. అయితే నువ్వు షార్ట్ ఫిల్మ్ తీస్తమన్న దోస్తులను మనసుల పెట్టుకొని రాసినవ్, ప్రతి పేరా షాట్ లెక్కున్నది, పాస్‌బుక్ అడుగుతడు, ఆడు బిక్కమొకం పెడ్తడు, కట్. గక్కడ నాకు మస్తు బాధైంది, ఎందుకంటే దిగాల్సిన మెట్లు ఇంకా చానా ఉన్నయి. పాస్‌బుక్ లేదంటే పహాణీ అడుగు, పహాణీ లేదంటే తాత మరణ ధ్రువీకరణ పత్రం అడుగు, ఆళ్ల గ్రహంల చావే లేదంటే మరి వారసత్వం ఎట్లొచ్చిందని అడుగు, ఆఖరికి ఏంది అనేది నువ్వే చూసుకో, కాని ముందుగాల ఆగకు. ఇంకొకటి, నీ కత చెప్పేటోడు తనే ముందుగాల నవ్వుతున్నడు, ‘నవ్వాపుకోలేకపోయిండు’ అని నాలుగు జాగల రాసినవ్, అవి కొట్టెయ్. చెప్పేటోడు కలెక్టరేట్ ప్రెస్‌నోట్ చదివినట్టు సీరియస్‌గ చెప్పాలె, మనుషులు దేవరకొండ మాటనే మాట్లాడాలె, రెండు ఒరుసుకున్న కాడ నవ్వు పుడ్తది.

షార్ట్ ఫిల్మ్ తీయనియ్, అడ్డం చెప్పకు. వాళ్లు అడిగితే ఆడమ్స్ లెక్క సినిమాకు పనికొచ్చే కొత్త సీను రాసియ్, కాని కతను ముందుగాల కత లెక్కనే పూర్తి చెయ్. జనం పుస్తకమే నయమంటరు, కొందరు ఫిల్మే నయమంటరు, అందరిది విను, కామెంట్లు చూసి రాత్రికి రాత్రి కత దిద్దకు.

సర్వేయర్ సీను మళ్ల రాసినంక అది ఒక్కటే ముందుగాల పంపు, మిగిలింది తర్వాత చూద్దం.

మీ అన్న,
నల్లగొండ